పేరు దిద్దాల్సిందే

మన కొండకొస్తారు. మన తాత వెంట నడుస్తారు. ఆయన చూపిన వేరును సంచిలో వేసుకుపోతారు. కొన్నాళ్లకు పరిశోధనా వ్యాసం అచ్చవుతుంది. అందులో తాత 'ఒక స్థానికుడు'. ఆయనకు పేరు లేదా?

1987లో కేరళ అగస్త్యమల అడవుల్లో దారి చూపిన కాణి గిరిజనులు అలుపు లేకుండా నడుస్తుంటే శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోయారు. కాణీలు తింటున్నవి ఆరోగ్యపచ్చ పండ్లు. ఆ ఎరుక నుంచే 'జీవని' మందు పుట్టింది. లైసెన్సు రుసుములో, రాయల్టీలో సగం కాణీలకు ఇవ్వాలని ఒప్పుకున్నారు. డబ్బులో వాటా కుదిరినప్పుడు పేరులో వాటా ఎందుకు కుదరదు?

రాతలో పాలున్నవారే రచయితలంటారు. నిజమే, వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నియమం అదే. కానీ రాతలో పాలుపంచుకునే అవకాశమే ఇవ్వకుండా, ఆ సాకుతో పేరు తీసేయకూడదని కూడా అదే కమిటీ చెప్పింది. తాతకు చిత్తుప్రతి చదివి వినిపించారా? పేరు వేయాలా వద్దా అని ఆయన్నే అడిగారా?

'అచ్చయిపోయింది, ఇక మార్చలేం' అనే మాట నమ్మొద్దు. వదిలేసిన రచయితల పేర్లనూ, నిధులిచ్చిన సంస్థల పేర్లనూ చేరుస్తూ పత్రికలు సవరణలు వేస్తూనే ఉన్నాయి. గిరిజనుల పేరిట కేటాయించిన నిధులు వాడితే ఆ సంగతీ అచ్చులో ఉండాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, టీచర్లూ! ఎవరు, ఏ రోజు, ఏం చెప్పారో నోటుబుక్కులో రాసిపెడదాం. అచ్చయిన వ్యాసాన్ని ఊళ్లో మన భాషలో చదివి వినిపిద్దాం. తప్పుంటే ముందు రచయితలకు, తర్వాత సంపాదకుడికి ఉత్తరం రాద్దాం. పేరు దిద్దేదాకా రాస్తూనే ఉందాం.