పెళ్లితో ఆగే ఉద్యోగమా?



ఆడవాళ్లకు జిమ్ ట్రైనర్ ఉద్యోగం పెళ్లయ్యేదాకానే అంటూ మీ పత్రికలో వేసిన వ్యాసం చదివి బాధేసింది. ఇద్దరు పిల్లల తల్లిని, నాకిదే బతుకుతెరువు. కాన్పయ్యాక తుమ్మినా దగ్గినా మూత్రం చుక్క పడుతోందని మగ ట్రైనర్‌తో చెప్పుకోవడానికి ఎంతమందికి నోరు పెగులుతుంది? మా దగ్గర తలుపు వేసి చెబుతారు. అలాంటామెకు వచ్చీరాగానే బరువులివ్వం. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, ఊపిరి వదులుతూ కటి కండరాలు బిగించడం నేర్పుతాం. ఈ పనితనం వయసుతో పాటే పెరుగుతుంది.

పెళ్లయితే ఆడవాళ్ల సత్తా తగ్గిపోతుందా? 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరికి అప్పటికే పెళ్లయింది.

ఉద్యోగం ఆగేది పెళ్లితో కాదు. ప్రసూతి సెలవడిగితే మానేయమనే యజమానుల గురించి వ్యాసకర్త ఒక్క ముక్కైనా రాయాల్సింది. నా స్నేహితురాళ్లు ఈ ఉద్యోగం మధ్యలో వదిలేసింది అందుకే.

– ఒక మహిళా ట్రైనర్, విజయవాడ