ఆ కుదుపు ఎక్కణ్నుంచి?

మెదడుకి ఆపరేషన్ అనగానే ఇంటిల్లిపాదికీ ఒకటే భయం... థియేటర్లో ఏమవుతుందోనని. గంటల తరబడి ఎదురుచూశాక సర్జన్ బయటికొచ్చి ‘అంతా బాగానే జరిగింది’ అంటే, అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదులుతారు. అయితే కొన్ని కుటుంబాలకి మరో పరీక్ష ఆ తర్వాతే ఎదురవుతుంది. మూడో రోజున మంచంమీదున్న మనిషి కుడిచెయ్యి తనంతట తానే కొట్టుకుంటుంది. లేదా ఇంటికొచ్చిన నెలన్నరకి, అన్నం తింటూ తింటూ ఉండగా మూతి ఓ పక్కకి లాగేస్తుంది. కాలు కర్రలా బిగుసుకుపోతుంది. ‘అయ్యో, ఆపరేషన్ పాడైందా?’ అన్నదే అందరి నోటా వచ్చే మొదటి ప్రశ్న.

చాలాసార్లు ఆ ప్రశ్నకి ‘కాదు’ అన్నదే జవాబు. అలాగని ‘ఆపరేషనన్నాక ఇవన్నీ మామూలే’ అని వదిలేయడానికీ వీల్లేదు. ఎందుకంటే పైకి ఒకేలా కనిపించే కుదుపు వెనక పది కారణాలుండొచ్చు. వాటిలో కొన్ని ఒక్క రక్తపరీక్షతో తేలిపోయేవి. కొన్ని గంటల్లో ప్రాణం మీదికి తెచ్చేవి.

కదిలిన ప్రతిదీ ఫిట్స్ కాదు

ఫిట్స్ అనేది జబ్బు పేరు కాదు, జ్వరంలాగా ఓ లక్షణం మాత్రమే. మెదడు పైపొరలోని కణాలు మామూలుగా ఎవరి పని వాళ్లు చేసుకుంటూ సన్నటి విద్యుత్ సంకేతాలు పంపుకుంటుంటాయి. ఎక్కడైనా గాయమో, వాపో, రక్తపు మరకో గుచ్చుకుంటే అక్కడి కణాలన్నీ ఒక్కసారిగా, ఒకే తాళంలో చెలరేగుతాయి. అదే ఫిట్స్.

లండన్ డాక్టరు జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ 19వ శతాబ్దంలో స్కానింగులేవీ లేకుండానే ఒక సంగతి కనిపెట్టాడు. కొందరిలో కుదుపు బొటనవేలి దగ్గర మొదలై, చేతికి పాకి, భుజం మీదుగా ముఖానికి ఎక్కుతోంది. అంటే మెదడులో శరీర భాగాలు ఓ వరసలో అమరి ఉన్నాయనీ, ఫిట్స్ ఆ వరసలోనే నడుస్తోందనీ ఆయన ఊహించాడు. 1870లో జర్మనీలో ఫ్రిట్ష్, హిట్జిగ్ కుక్కల మీద చేసిన ప్రయోగాలు ఆ ఊహకి బలమిచ్చాయి. ఇప్పటికీ న్యూరాలజిస్టు అడిగే మొదటి ప్రశ్న అదే... ‘ఎక్కడ మొదలైంది?’

చేతి వేళ్లకీ, మూతికీ మెదడులో చాలా చోటుంటుంది. అందుకే తరచూ అక్కడే మొదలవుతుంది. కుడిచెయ్యి కొట్టుకుంటే చూడాల్సింది ఎడమవైపు మెదడు. స్పృహ పోకుండా, మాట్లాడుతూ ఉండగానే ఒక్క చెయ్యి కొట్టుకున్నా అది ఫిట్స్ కావచ్చు.

మరి ఫిట్స్ కానివి? మత్తు దిగేటప్పుడు వచ్చే వణుకు ఒకటి. చలిజ్వరంతో వచ్చే వణుకు ఇంకొకటి. వాంతులు తగ్గడానికిచ్చే మెటొక్లోప్రమైడ్ లాంటి మందు కొందరికి, ముఖ్యంగా చిన్న వయసువారికి పడదు. మెడ వెనక్కి తిరిగిపోతుంది, కనుగుడ్లు పైకి వెళ్లిపోతాయి, దవడ బిగుసుకుంటుంది. చూసేవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది. కానీ మనిషికి స్పృహ ఉంటుంది. విరుగుడు ఇంజక్షన్ ఇస్తే కాసేపట్లోనే సర్దుకుంటుంది. దీన్ని ఫిట్స్ అనుకుంటే మాత్రం అక్కర్లేని మందు నెలల తరబడి మింగాల్సి వస్తుంది.

ఆపరేషన్‌కి ముందో తర్వాతో ఓ పక్క చెయ్యీ కాలూ పడిపోయిన వారిలో మరో చిక్కు. కొన్ని వారాలు గడిచాక ఆ చెయ్యి ముడుచుకుని, కాలు చాపుకుని బిగుసుకుంటాయి. పాదాన్ని పైకి నొక్కగానే మడమ టకటకా కొట్టుకుంటుంది. పాదాన్ని కిందికి వంచితే ఆగిపోతుంది. అలా చేత్తో ఆపగలిగితే అది ఫిట్స్ కాకపోవచ్చు. నరాలమీద మెదడు పట్టు సడలినందువల్ల కండరం తనంతట తాను బిగుసుకోవడమది. దానికి ఫిజియోథెరపీ, కండరాన్ని వదులుచేసే మందులు కావాలి. ఇలాంటి బిగువు ఉన్నట్టుండి పెరిగితే మెదడుకన్నా ముందు మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందా, మలబద్ధకం ఉందా, పడకపుండు పడిందా అని చూడాలి. నొప్పి చెప్పుకోలేని శరీరం బిగుసుకునే చెబుతుంది.

తేదీయే సగం జవాబు

ఆపరేషనై ఎన్నాళ్లయిందన్నది రెండో ప్రశ్న. మొదటి ఏడు రోజుల్లో వచ్చే ఫిట్స్‌ని డాక్టర్లు ఒక రకంగా, ఆ తర్వాత వచ్చేవాటిని మరో రకంగా చూస్తారు. మొదటి వారంలో అయితే మెదడు వాపు, కోసినచోట రక్తం చేరడం, రక్తనాళం మూసుకుపోవడం, ఇన్ఫెక్షన్, రక్తంలో లవణాల తేడా... ఇవి అనుమానితుల జాబితాలో ముందుంటాయి. ఇవి తగ్గితే ఫిట్స్ కూడా తగ్గిపోయే అవకాశం ఎక్కువ. నెలలు గడిచాక వస్తే, మానిన గాయం వదిలిన మచ్చ ఒక కారణం కావచ్చు. లోపల చీము చేరడం, తీసేసిన గడ్డ మళ్లీ పెరగడం కూడా కారణాలు కావచ్చు. మందు మానేయడం మరో పెద్ద కారణం.

గడ్డ తిరగబెట్టడం ఎంత పెద్దవాళ్లనైనా ఓడిస్తుంది. కెనడాలో మెదడు సర్జరీకి కొత్త దారి చూపిన వైల్డర్ పెన్‌ఫీల్డ్ 1928లో తన సొంత అక్క రూత్‌కే ఆపరేషన్ చేశాడు. ఆమెకి ఎన్నో ఏళ్లుగా ఉన్న ఫిట్స్‌కి మెదడులోని గడ్డే కారణమని తేలింది. తీయగలిగినంతా తీశాడు. ఆమె మళ్లీ ఇంటిపనులు చూసుకోగలిగింది. కానీ గడ్డ మళ్లీ పెరిగి, 1931లో ఆమె కన్నుమూసింది. ఆనాడు లోపలేముందో చూపే సీటీ, ఎమ్మారై స్కానింగులు లేవు. ఇవాళ ఉన్నాయి. అందుకే ‘అప్పుడే కదా స్కానింగ్ తీశారు, మళ్లీ ఎందుకు?’ అని వాయిదా వేయకూడదు.

మొదట సిరంజి, తర్వాత స్కానింగ్

కుదుపు వచ్చిందనగానే ఆసుపత్రిలో నర్సు వేలిమీద గుచ్చి చక్కెర చూస్తుంది. తలకి ఆపరేషనైతే చక్కెరెందుకని విసుక్కోవద్దు. మెదడుకి చక్కెరే ఇంధనం. బాగా పడిపోతే ఫిట్స్ వస్తాయి. బాగా పెరిగినా రావచ్చు. మెదడు వాపు తగ్గడానికిచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ చక్కెరని అమాంతం పెంచేయగలదు.

తర్వాతది సోడియం, అంటే రక్తంలోని ఉప్పు. ఇది లీటరుకి 135 నుంచి 145 యూనిట్ల మధ్య ఉండాలి. మెదడు ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా పిట్యూటరీ గ్రంథి దగ్గర చేసినప్పుడు, ఇది కొన్ని రోజులు ఆలస్యంగా పడిపోవడం ఉంది. మనిషి డిశ్చార్జి అయి ఇంటికొచ్చేస్తాడు. వారానికి తలనొప్పి, వికారం, మగత... ఆనక ఫిట్స్. స్కానింగ్‌లో ఏమీ కనిపించకపోవచ్చు. దోషి రక్తంలో ఉంటాడు మరి! అలాగని గబగబా ఉప్పు ఎక్కించేయకూడదు. రోజుకి 8 నుంచి 10 యూనిట్లు మించి పెంచితే మెదడు కాండం దెబ్బతినే ప్రమాదముంది. అందుకే ఆసుపత్రిలోనే, కొలిచి కొలిచి సరిచేస్తారు. కాల్షియం, మెగ్నీషియం తగ్గినా వేళ్లు ముడుచుకుపోయి కొంకర్లు పోతాయి. వాటినీ చూస్తారు.

రక్తం చేరిందా లేదా అన్నది సీటీ స్కాన్ నిమిషాల్లో చెబుతుంది. రక్తనాళం మూసుకున్నా, చీము చేరినా ఎమ్మారై ఇంకాస్త వివరంగా చూపిస్తుంది.

ఇక ఈఈజీ. జర్మనీలోని జెనాలో హాన్స్ బెర్గర్ 1924లో తొలిసారి మనిషి మెదడు తరంగాలని నమోదు చేశాడు. 1929లో లోకానికి చెప్పాడు. తలకి తీగలంటించి అరగంటపాటు తీసే ఈ పరీక్షలో ఏమీ దొరకకపోతే ఫిట్స్ లేవని అర్థం కాదు. ఆ అరగంటలో మెదడు నెమ్మదిగా ఉందని మాత్రమే అర్థం. దీనికి తిరగేసిన చిక్కు కూడా ఉంది. ఎముక కోసినచోట పుర్రె అడ్డు తగ్గి, కిందనున్న మామూలు తరంగాలే పెద్దగా, సూదుల్లా కనిపిస్తాయి. అనుభవం లేని కళ్లకి అవి ఫిట్స్ తరంగాల్లా అనిపించొచ్చు. అందుకే ‘ఫలానా వైపు ఎముక తీశారు’ అన్న సంగతి ఈఈజీ తీసేవారికి ముందే చెప్పాలి.

అన్నిటికన్నా మోసం చేసేది కదలికే లేని ఫిట్స్. ఆపరేషన్ బాగా జరిగింది, స్కానింగ్ బాగుంది, మత్తు దిగాల్సిన టైమూ దాటింది. అయినా మనిషి లేవడు. లేదంటే కనురెప్పలు మాత్రం సన్నగా అదురుతుంటాయి. అప్పుడు ఈఈజీ తప్ప మరో దారి లేదు. ఒక్కోసారి రాత్రీ పగలూ వదలకుండా తీస్తారు.

మందుల సంచిలో దొంగలు

కారణం మందుల్లోనే దాక్కునే సందర్భాలూ ఉన్నాయి. కిడ్నీలు సరిగా పనిచేయనివారికి సెఫెపిమ్ వంటి యాంటీబయాటిక్ మోతాదు ఎక్కువైతే ఒళ్లు అదరడం, ఫిట్స్ రావడం జరగొచ్చు. ట్రమడాల్ అనే నొప్పి మందు కూడా ఫిట్స్‌ని రెచ్చగొట్టగలదు. ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్ వాడుతున్నవారికి ఇన్ఫెక్షన్ తగ్గాలని మెరోపెనెమ్ ఇస్తే, రక్తంలో వాల్‌ప్రోయేట్ అమాంతం పడిపోతుంది. మాత్ర రోజూ వేస్తూనే ఉంటారు, ఫిట్స్ మాత్రం వస్తూనే ఉంటాయి!

1938 నుంచీ వాడుకలో ఉన్న ఫెనిటాయిన్‌దీ సున్నితమైన లెక్కే. తక్కువైతే పనిచేయదు. ఎక్కువైతే నడక తూలుతుంది, చూపు చెదురుతుంది. రక్తంలో దాని మోతాదు కొలిచే పరీక్ష ఉంది. లెవటిరాసిటమ్ వాడేవారిలో కొందరికి చిరాకు, కోపం పెరుగుతాయి. ‘తలకి ఆపరేషనయ్యాక మనిషి మారిపోయాడు’ అని ఇంట్లోవాళ్లు కుమిలిపోయేకంటే డాక్టరుకి చెబితే మందు మార్చే వీలుంటుంది.

అసలు ఫిట్స్ రానివాళ్లకి ముందుజాగ్రత్తగా ఎన్నాళ్లు మందివ్వాలి? తలకి దెబ్బలు తగిలినవారి మీద 1990లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో నూటికి 14 మందికి మొదటి వారంలో ఫిట్స్ వస్తే, ఫెనిటాయిన్ తీసుకున్నవారిలో నలుగురికన్నా తక్కువమందికే వచ్చాయి. వారం దాటాక మాత్రం మందు వల్ల లాభం కనిపించలేదు. అందుకే ఎప్పుడూ ఫిట్స్ రానివారికి డాక్టర్లు కొద్దిరోజులకే మందు ఆపేయొచ్చు. ఒక్కసారి వచ్చినవారి లెక్క వేరు. పక్కింటాయనకి ఆపేశారని మనమూ ఆపేయడం తగదు.

ఇంకో దొంగ ఉన్నాడు. రోజూ తాగే అలవాటున్న మనిషి ఆసుపత్రిలో చేరగానే మందు బంద్ అవుతుంది. ఆఖరి పెగ్గు తర్వాత రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. డాక్టరు ముందు పరువుపోతుందని ఇంట్లోవాళ్లు ఆ ముక్క దాస్తారు. డాక్టర్లేమో కారణం కోసం స్కానింగుల్లో వెతుకుతుంటారు. రోజూ నిద్రమాత్రలు వేసుకునేవాళ్లు ఒక్కసారిగా మానేసినా అంతే. పరువుకన్నా ప్రాణం ముఖ్యం కదా.

అసలు సాక్షి ఇంట్లోనే

ఇన్ని యంత్రాలున్నా, కుదుపు వచ్చిన ఆ రెండు నిమిషాలూ డాక్టరు అక్కడుండరు. ఉండేది భార్యో, కొడుకో, తల్లో. కాబట్టి వాళ్లు చూసిందే సగం రోగనిర్ధారణ. ఎక్కడ మొదలైంది, కళ్లు ఎటు తిరిగాయి, పిలిస్తే పలికారా, ఎన్ని నిమిషాలుంది, ఆగాక మాట వచ్చిందా? ఒకరు మనిషిని చూసుకుంటే మరొకరు సెల్‌ఫోన్లో వీడియో తీయాలి. పేజీలకొద్దీ వర్ణనకన్నా అర నిమిషం వీడియో మేలు.

ఫిట్స్ ఆగాక చెయ్యీ కాలూ కాసేపు పనిచేయకపోవచ్చు. గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో తిరిగొస్తుంది. అలాగని అది పక్షవాతం కాదని ఇంట్లోనే తీర్మానించుకోకూడదు. ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

వచ్చినప్పుడు చేయాల్సింది తక్కువే. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. ఎముక తీసిన వైపు కిందికి రాకుండా చూడాలి. బిగుతుగా ఉన్న బట్టలు వదులు చేయాలి. గడియారం చూడాలి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ల మధ్య స్పూను దూర్చడం, నోట్లో నీళ్లు పోయడం... ఇవేవీ వద్దు. అయిదు నిమిషాలు దాటినా, స్పృహ రాకుండానే రెండోది వచ్చినా 108కి ఫోన్ చేయాలి. ఆపరేషన్ తర్వాత మొదటిసారి వచ్చినదైతే అది నిమిషంలో ఆగిపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జ్వరం, కుట్ల దగ్గర చెమ్మ, పెరిగే తలనొప్పి, మగత తోడైతే అసలు ఆలస్యం చేయకూడదు.

కారణం తేలాక మిగిలేది క్రమశిక్షణ. శివరాత్రి జాగారాలు, కటిక ఉపవాసాలు ఇలాంటివారికి పనికిరావు. నిద్ర చెడితే ఫిట్స్ తలుపు తడతాయి. డాక్టరు సరేననేదాకా బండి నడపడం, బావి గట్టెక్కడం, ఒంటరిగా చెరువులో దిగడం మానాలి. పెళ్లి సంబంధం చూస్తున్నారని మాత్రలు దాచేయడం, ఆనక మానేయడం మన ఇళ్లల్లో కొత్త కాదు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛని అడ్డంకిగా చూపిన మాటనే 1999లో తీసేశారు. చట్టమే అడ్డు తొలగించాక మనకెందుకు ఆ దాపరికం?

డిశ్చార్జి కాగితాలు, వాడుతున్న మందులన్నిటి పేర్లు, కుదుపులు వచ్చిన తేదీలు, వేళలు... ఇవన్నీ ఒక్క ఫైల్లో పెట్టుకుని ఉంచితే చాలు. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో ఎదురయ్యే కొత్త డాక్టరుకి అంతకుమించిన సాయం మరొకటి లేదు.