పసరుకు దక్కిన పేరు

మృగశిర కార్తె నాడు రాంనగర్ చేపల మార్కెట్లో కాలు పెట్టే సందుండదు. ఆ తడిలోనే మా పక్కింటి పెద్దమ్మ కొర్రమేను సంచితో సహా జారింది. చెయ్యి ఆనించి పడటంతో మణికట్టు గరిటెలా వంగిపోయింది. "డాక్టరు కాడికి పోతే రాడ్డు ఏస్తడు బిడ్డా" అని తిన్నగా పసరు కట్టు దగ్గరికే పోయింది.

మర్నాటికి వేళ్ళు ఉబ్బి నల్లబడ్డాయి. గోరు నొక్కి వదిలాను. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రబారాలి, ఎంతకీ ఎర్రబడలేదు. "నొప్పి లేస్తే మందు పట్టినట్టేనంట" అంది. కత్తెర తెచ్చి కట్టు కోసేశాం.

కట్టు అంటే మనకు పుత్తూరే. అక్కడి రాజుల కుటుంబం 1881లో మొదలుపెట్టిందని చెబుతారు. ఆ పేరు బోర్డు మీద రాసుకోవడానికి పుత్తూరులో పుట్టనక్కర్లేదు, అది వేరే సంగతి. చిత్రమేమిటంటే, సరిగ్గా ఆ 1881లోనే జర్మనీలో ఫోల్క్‌మన్ అనే సర్జన్, కట్టు మరీ బిగిస్తే రక్తం అందక కండ చచ్చిపోయి చెయ్యి కొంకర్లు పోతుందని రాశాడు. మొదటిది మన ఊరూరికీ చేరింది. రెండోది ఇంకా చేరాలి.

పసరు కట్టంటే ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు. తెల్లసొన ఆరితే గుడ్డ అట్టలా బిగుస్తుంది, బద్దలు కదలనివ్వవు. పని చేసేది ఆ రెండూ, పేరు పసరుది. విరిగిన చోట ముందు రక్తం గడ్డకడుతుంది, రెండు మూడు వారాల్లో మెత్తటి అతుకు పడుతుంది, తర్వాత కాల్షియం చేరి గట్టిపడుతుంది. మణికట్టుకు ఆరు వారాలు చాలు, మోకాలి కింది పెద్ద ఎముకకు మూడు నాలుగు నెలలు. రాంనగర్ గుండు దగ్గర కాలు విరిగిన వీధికుక్కకు ఎవరు కట్టు కట్టారు? దాని కాలూ అతికింది, వంకరగా. ఎముకను సరిగ్గా కూర్చారో లేదో ఎక్స్‌రే చెబుతుంది, తడిమిన వేలు చెప్పలేదు.

ఎముక అతకడానికి పెట్టే తిండీ అంతే. నల్లేరు కాడ కణుపులు కణుపులుగా ఎముకల దండలా ఉంటుంది, అందుకే పచ్చడి. మేక కాళ్ళలో ఎముకలున్నాయి, అందుకే పాయా. పోలికే వైద్యమైతే అక్రోటు తిన్నవాళ్ళంతా మేధావులు కావాలి! పాయా తాగండి, రుచిగా ఉంటుంది. కానీ అందులో కరిగే కాల్షియం కొంచెమే. గ్లాసు పాలలోనే ఎక్కువ.

పెద్దమ్మకు ఆసుపత్రిలో ఎముక సరిచేసి సిమెంటు కట్టు వేశారు. వేళ్ళు మాత్రం రోజూ ఆడించమన్నారు. "కదిపితే అతుకు ఊడుతది" అని చుట్టాలు భయపెట్టడంతో ఆమె ఆడించలేదు. ఆరు వారాలకు కట్టు విప్పితే చెయ్యి చెక్కలా ఉంది. గోరువెచ్చని నీళ్ళలో ముంచి, రబ్బరు బంతి పిసికి, చపాతీ పిండి కలిపి, రెండు నెలలకు దారికి తెచ్చుకుంది.

మొన్న ఆదివారం అదే చేత్తో చేపల సంచి మోసుకొస్తూ కనబడింది. "చూసినవా, ఎట్ల అతికిందో! ఒక్క రాత్రి ఉన్నా పసరు పసరే."