కట్టె పీకే చేతుల్ని అడిగి మిషన్ చెయ్యండి

పత్తి చేనులో ఆఖరి తీత అయిపోయినాక మిగిలేది కట్టె. దాన్ని పీకే పని ఎవరిది? మా వైపు ఏ ఊళ్లో అడిగినా జవాబు ఒకటే: మాదిగవాడ, మాలవాడ ఆడవాళ్లది. విత్తనం అమ్మడానికి కంపెనీలున్నయి. పురుగుమందు అమ్మడానికి కంపెనీలున్నయి. పత్తి కొనడానికి మిల్లులున్నయి, సి.సి.ఐ. ఉంది. కట్టె పీకడానికి మాత్రం మన అక్కచెల్లెళ్ల అరచేతులే దిక్కు.

ఈ పని చేసినోళ్లకు చెప్పనక్కరలేదు. చెయ్యనోళ్ల కోసం లెక్క చెబుతాను. మూడడుగుల సాలులో మూడడుగులకొక మొక్క ఉందనుకుందాం. ఎకరమంటే 43,560 చదరపు అడుగులు. తొమ్మిదితో భాగిస్తే 4,840 మొక్కలు. అంటే ఎకరం చేను ఖాళీ కావాలంటే ఎవరో ఒకరు 4,840 సార్లు వంగాలి, గుంజాలి, లేవాలి. పత్తి తల్లివేరు లోతుకు పోతది. సంక్రాంతి దాటేసరికి నల్లరేగడి ఎండి రాయిలాగ బిగుసుకుంటది. చేతులు బొబ్బలెక్కి పగులుతాయి. నడుము పట్టేస్తది. తల్లి చేనుకు పోతే ఇంట్లో చంటిదాన్ని ఎత్తుకునేది పెద్దపిల్ల. ఆ నెలల్లో నా హాజరుపట్టీలో ఆడపిల్లల పేర్ల ఎదురుగా గైర్హాజరు గుర్తులు పెరిగేది అందుకే.

దీన్ని మిషన్‌తో చేయిస్తే తప్పేందని కొందరంటారు. తప్పేమీ లేదు, చేయించాల్సిందే. 1945లో అచ్చయిన 'కాంగ్రెస్, గాంధీ అంటరానివారికి చేసిందేమిటి' పుస్తకంలో బాబాసాహెబ్ అంబేద్కర్ యంత్రాన్ని తిట్టే గాంధీవాదాన్ని ఎదిరించారు. మనిషి పశువు బతుకు నుంచి బయటపడాలన్నా, చదువుకూ ఆలోచనకూ తీరిక దొరకాలన్నా యంత్రం కావాలని వాదించారు. యంత్రంతో జరిగే కీడుకు మూలం యంత్రంలో లేదని, దాని లాభాన్ని కొద్దిమంది చేతుల్లో పెట్టిన సమాజంలో ఉందని విడమర్చారు. కాబట్టి మనం మిషన్‌కు ఎదురు నిలబడం. అది ఎవరి పొలం కొలతకు, ఎవరి చేతి కొలతకు తయారవుతున్నదో అడుగుతాం.

ఇప్పుడు ఊళ్లలోకి వస్తున్నది ట్రాక్టరు వెనక తగిలించే ష్రెడర్. లోపల బరువైన కత్తులు గిర్రున తిరుగుతయి. నిలబడ్డ కట్టెను నిలబడ్డచోటే ముక్కలు చేసి నేలమీద చల్లుతుంది. దున్నితే ఆ ముక్కలు కుళ్లి నేలకు బలమైతయి. ఇంకో లాభం కూడా ఉంది. గులాబీరంగు పురుగు ఎండిన కాయల్లో దాక్కుని వచ్చే పంట దాకా బతుకుతది. 2006లో వచ్చిన రెండో రకం బీటీ కూడా దాన్ని ఆపలేకపోయింది. కట్టెను తొందరగా తీసేస్తేనో, ముక్కలు చేస్తేనో ఆ పురుగు గొలుసు తెగుతది. ఇది నిజం, ఒప్పుకోవాలి.

అయితే ఈ మిషన్‌కు పెద్ద ట్రాక్టరు కావాలి, పెద్ద మడి కావాలి, మలుపు తిరగడానికి జాగా కావాలి. మనోళ్లకున్నది ఏంది? ఎకరం, ఎకరంన్నర అసైన్డ్ చెలక. రాళ్లు తేలిన వాలు నేల. పోదామంటే బండి బాట ఉండదు. రాయి తగిలితే కత్తి పోతదని ట్రాక్టరాయన మన చెలక మొహమే చూడడు. పెద్ద చేలల్లో మిషన్ తిరిగితే మన కూలి పోతది. మన చెలకల్లో మిషన్ తిరగక మన నడుములే వంగుతయి. రెండు దిక్కులా నష్టం మనకే.

ఇంజనీరు గీసే బొమ్మలో కనపడనిది ఇంకొకటుంది. అది పొయ్యి. చాలాచోట్ల కట్టె పీకినవాళ్లు ఆ కట్టెనే వంటచెరకుగా ఇంటికి తెచ్చుకుంటారు. ఎకరానికి సుమారు టన్ను కట్టె వస్తది. గ్యాసు బండ ఉన్నా నింపించే పైసలు లేని ఇంట్లో పొయ్యి మండేది దాంతోనే. ష్రెడర్ నడిస్తే ఆ కట్టె మట్టిలో కలుస్తది. నేల బాగుపడాలె, కాదనను. కాని ఆ బాగుకోసం ఆరిపోయే పొయ్యి ఎవరిదో, ఆ ఇంటికి బదులు ఏమిస్తారో ముందు తేలాలె. కట్టె ఇంటికి తెచ్చుకునేవాళ్లు కూడా ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఆఖరి తీత కాగానే చేలోకి మేకల్ని, గొర్రెల్ని వదిలించండి. మిగిలిన ఎండుకాయల్ని దులిపి చేలోనే కాల్చేసి, వట్టి కట్టెనే తెచ్చుకోండి. లేకపోతే పురుగును మనమే మోసుకొచ్చినట్టయితది.

ముందుచూపు లేకుండా పోతే ఏమవుతుందో చైనాను చూసి తెలుసుకోవచ్చు. అక్కడి పత్తిలో అత్యధిక భాగం షిన్‌జియాంగ్ ప్రాంతంలో పండుతుంది. చలినేల, వాన తక్కువ. 1970ల చివర జపాన్ నుంచి వచ్చిన పద్ధతి ప్రకారం సాళ్లమీద పలచని ప్లాస్టిక్ కాగితం పరిచి విత్తనం పెడతారు. వేడి, తేమ నిలిచి దిగుబడి పెరిగింది. కాని కాగితం మందం వాళ్ల 1992 ప్రమాణంలో 8 మైక్రాన్లే. తల వెంట్రుక కంటే ఎన్నోరెట్లు పలచన. పంటకాలమంతా ఎండలో మాగినాక పట్టుకుంటే చిరుగుతది. ఏటికేడు పేలికలు మట్టిలో పేరుకుని వేళ్లకు, నీళ్లకు అడ్డం పడుతున్నయి.

దాన్ని ఏరడానికి అక్కడి ఇంజనీర్లు ఏళ్లతరబడి మిషన్లు గీస్తున్నారు. ముందుభాగంలో కట్టెను నరికి పక్కకు తోసే కత్తులు. వెనకభాగంలో కాగితాన్ని లేపే వంకర పళ్లు. చిక్కంతా ఇక్కడే. కట్టెకు గట్టి దెబ్బ కావాలి, కాగితానికి మెల్లటి చెయ్యి కావాలి. కాగితం అంచులు మట్టిలో పూడి ఉంటాయి. లేపిన కాగితంలో కట్టె ముక్కలు, మట్టిపెళ్లలు చుట్టుకుంటాయి. అది ఇరుసులకు చుట్టుకుని మిషన్ ఆగుతది. వచ్చిన సరుకు మురికని కొనేవాడు ఉండడు. చివరికి వాళ్లు చేసిందేంది? 2018 మే నుంచి కాగితం మందం కనీసం 10 మైక్రాన్లని కొత్త ప్రమాణం అమలు చేశారు. మిషన్ పళ్లకు అందాలంటే కాగితాన్ని ఫ్యాక్టరీలోనే మార్చాలని నలభై ఏళ్లకు తెలిసింది. మిషన్లు ఉన్నంతమాత్రాన న్యాయం రాదని కూడా ఆ నేలే చెబుతుంది. ఉయ్ఘర్ ముస్లిములచేత బలవంతపు పని చేయిస్తున్నారన్న కారణంతో 2021 డిసెంబరులో అమెరికా చట్టం చేసి ఆ ప్రాంతం సరుకుకు తలుపు మూసింది. చైనా ఆ ఆరోపణను కాదంటున్నది.

మనకెందుకీ గొడవ అనుకోకండి. మన దగ్గర మిర్చి, పుచ్చ, కూరగాయల తోటల్లో డ్రిప్పుతోపాటు మల్చింగ్ షీట్ వచ్చేసింది. పంట అయినాక దాన్ని పీకేది ఎవరు? గట్టున పోసి కాలుస్తుంటే ఆ పొగ పీల్చేది ఎవరు? కట్టె పీకే చేతులే. షీట్ పలచన కాకుండా ఇప్పుడే నిలబెట్టాలి. వాడిన షీట్‌ను అమ్మినవాడే వెనక్కి తీసుకుపోవాలి.

ఇక చిన్న చెలకకు ఏం కావాలి? పట్టకారులాంటి చేతి పనిముట్టు ఒకటుంది. కింది దవడ మొక్క మొదలును కరిచి పట్టుకుంటది. గడ్డపారతో బండను మీటినట్టు పొడుగు పిడిని నొక్కితే వేరుతో సహా లేస్తది. అంతగా వంగనక్కరలేదు. ఊరి కమ్మరి చేయగలిగిన పనే. కాని పిడి ఎంత పొడుగుండాలి, బరువు ఎంతుండాలి, దవడ ఎంత తెరుచుకోవాలి అన్నది ఐదడుగుల ఆడమనిషిని చేలో నిలబెట్టి తేల్చాలి. మగవాడి కొలతకు చేసి ఆడవాళ్లకు పంచితే అది మూలన పడుతది.

మనం అడగాల్సినవి ఇవి. వ్యవసాయ యూనివర్సిటీలు ఏ మిషన్ గీసినా, పరీక్ష కట్టెకూలీల చేతుల్లో, అసైన్డ్ చెలకల్లో జరగాలి. 2014-15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకంలో ఎస్సీ, ఎస్టీ, సన్నచిన్నకారు, మహిళా రైతులకు సబ్సిడీ 50 శాతం, మిగతావాళ్లకు 40 శాతం అని రాసుకున్నారు. మిగతా సగం పైసలు, ట్రాక్టరు ఎవరి దగ్గరుంటే మిషన్ వాళ్ల కొట్టంలోకే పోతది. మన పేరు కాగితం మీదే మిగులుతది. కాబట్టి మిషన్ వాడలోని ఆడవాళ్ల సంఘం పేర రావాలి, కిరాయి వాళ్లకే ముట్టాలి. పోయిన కూలికి, పోయిన వంటచెరకుకు బదులు లెక్కగట్టాలి.

అక్కలారా, అన్నలారా, ఈసారి కట్టె పీకే రోజుల్లో మీ వాడలో ఒక నోటుబుక్కు పెట్టండి. ఎన్నెకరాలు, ఎంతమంది, ఎన్నిరోజులు, కూలి ఎంత, కట్టె ఎన్ని ఇళ్లకు చేరింది అన్నీ రాయండి. రాయడం రానివాళ్లకు బడిపిల్లలతో రాయించండి. ఆ లెక్క పట్టుకుని మండల వ్యవసాయాధికారి ముందు కూచుందాం. మన శ్రమ ఎంతో మన కాగితమే చెప్పాలి.

జై భీమ్.