బీటలను దాచిపెడితే తెలుగు బడి నిలువదు



బళ్లారి ప్రాంతంలో తెలుగు బోధించే మన మధ్య ఒక మాట చాలాకాలంగా చెలామణి అవుతున్నది. "గోడ బీటలు వారిందని పైవారికి వ్రాయకండి. వ్రాస్తే కట్టడం పనికిరాదంటారు, పిల్లలను పక్కనున్న కన్నడ బడిలో కలుపుతారు, తెలుగు విభాగం అంతటితో సరి" అన్నదే ఆ మాట. చెప్పేవారు చెడ్డవారు కారు, బడి మీది ప్రేమతోనే చెబుతారు. అయినా ఆ సలహా తప్పు. పిల్లలకు ప్రమాదకరము, బడికి కూడా నష్టకరము. మీలో ఎందరికి కోపం వచ్చినా సరే, ఈ సంగతి వ్రాయక తప్పదు.

భయానికి కారణం లేకపోలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్లగా, బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. నాటి నుండి మన తెలుగు తరగతులు పిల్లల సంఖ్యను నమ్ముకొని బ్రతుకుతున్నవి. సంఖ్య తగ్గిన ఏడాది "ఈ విభాగం ఇంకా అవసరమా?" అన్న ప్రశ్న వస్తుంది. అందువల్ల బీట కనబడగానే మనవారు ఆగస్టు 15కు ముందు ఒక మేస్త్రీని పిలిచి, నాలుగు తాపీల సిమెంటు మెత్తించి, పైన పసుపు రంగు పూయిస్తారు. జెండా వందనం నాటికి గోడ పెళ్లికూతురు వలె ఉంటుంది. మరుసటి వేసవికి అదే చోట, లేదా దానికి జానెడు దూరంలో, మళ్లీ బీట.

ఎందుకు? మన కాళ్ల కింది నేలను అడగండి. ఇది నల్లరేగడి. వాన నీటిని త్రాగి ఉబ్బుతుంది, ఎండకు నీరు కోల్పోయి కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఈ ఉబ్బుట, కుంగుట గోడ పొడవునా సమానంగా ఉండదు. గోడ బయటి అంచు కింద మన్ను ముందుగా ఎండుతుంది, గది నడిమి కింద తేమ నిలుస్తుంది. పునాది ఒక చోట దిగి, మరొక చోట దిగకపోతే ఇటుకగోడ ఏం చేయగలదు? వంగలేదు కనుక పగులుతుంది. అటువంటి బీట మెట్లు మెట్లుగా, ఇటుకల సందులను పట్టుకొని, ఏటవాలుగా ప్రాకుతుంది. తరచుగా కిటికీ మూలనుండి బయలుదేరుతుంది.

ఇక్కడొక విచిత్రం గమనించండి. ఆ బీట మిక్కిలి వెడల్పుగా ఉండేది ఏప్రిల్, మే నెలలలో. అప్పుడు బడికి సెలవులు, చూసే కన్ను లేదు. వానలు పడి నేల ఉబ్బినాక బీట కొంత మూసుకొంటుంది. తనిఖీకి వచ్చినవారు అప్పుడు చూసి "ఇది స్వల్పమే" అని పోతారు. సెలవులలో మేస్త్రీ దొరికాడు గదా అని ఎండాకాలపు బీటలో గట్టి సిమెంటు కూరితే మరొక కీడు. నేల ఉబ్బి గోడ తిరిగి చేరుకోబోతే ఆ సిమెంటు మేకువలె అడ్డుపడుతుంది, గోడ పక్కనే మరొక చోట విచ్చుతుంది. కదులుతున్న బీటకు సాగే గుణమున్న పూరకం కావలెను, అదీ కదలికకు మూలమైన నీటి సంగతి చక్కబెట్టిన తరువాత.

ఆ నీటి సంగతి ఇంజనీరు రాకముందే మన చేతిలో ఉన్నది. మధ్యాహ్న భోజనం తరువాత పళ్లాలు కడిగే కుళాయి గోడ మొదటనే ఉంటుంది. ఆ నీరు పునాదిలోకే ఇంకుతుంది. కప్పు మీది వాననీటి గొట్టం విరిగి గోడ పక్కనే ధార కడుతుంది. వనమహోత్సవం నాడు మనమే గోడకు మూరెడు దూరంలో మొక్క నాటి ఫొటో దిగుతాము, అది చెట్టై పునాది కింది తేమను పీల్చుకొంటుంది. (ఈ మాట అన్నందుకు నన్ను చెట్ల శత్రువు అన్నవారున్నారు. చెట్టు ఆవరణ చివర నాటితే ఎవరికీ నష్టం లేదు.) గోడ చుట్టూ బయటికి వాలుగా గచ్చు వేసి, నీటిని కాలువ ద్వారా దూరంగా పంపితే సగం జబ్బు నెమ్మదిస్తుంది. ఈ నేలలో కొత్త గదులకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ అభివృద్ధి చేసిన అండర్ రీమ్డ్ పైల్ పునాది ఉన్నది. కొత్త గది మంజూరైనప్పుడు ఏ పునాది వేస్తున్నారని అడిగిన తల్లిదండ్రులు ఎందరు?

అన్ని బీటలూ నేల వల్లనే రావు. గిలాబు మీద వెంట్రుకల వంటి సన్నని గీతలు గిలాబు ఆరేటప్పుడు వచ్చినవి, వాటికి బెదరనక్కరలేదు. స్లాబు కింద అడ్డంగా, గోడ పొడవునా సాగే బీట సాధారణంగా ఎండకు స్లాబు వ్యాకోచించడం వల్లనే. కప్పు మీద వేడిని తగ్గించకుండా దానిని పూడ్చడం వృథా. పాత రాతి గోడలకు, సున్నపు గోడలకు పైన సిమెంటు మెత్తితే లోపలి తేమకు దారి మూసుకుపోతుంది, వాటికి సున్నపు గిలాబే తగినది. అన్నిటికన్న ముందు చూడవలసింది సన్‌షేడ్ అడుగు భాగం. లోపలి ఇనుము తుప్పు పట్టి, తుప్పు ఇనుముకన్న ఎన్నో రెట్ల చోటు ఆక్రమించి కాంక్రీటును నెట్టివేస్తుంది. చువ్వ వెంబడి బీట, గోధుమరంగు మరక కనబడితే ఆ కింద పిల్లలను కూర్చోబెట్టకండి, ఆడనీయకండి. ఇంజనీరు వచ్చేవరకు ఆగనక్కరలేదు, ఆ దినమే తాడు కట్టండి.

మరుగుదొడ్ల గోడలను, ప్రహరీని ఎవరూ చూడరు. 2021 డిసెంబరులో తిరునెల్వేలిలో ఒక పాఠశాల మరుగుదొడ్డి గోడ కూలి ముగ్గురు విద్యార్థులు మరణించారు. 2025 జూలై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామంలో ప్రభుత్వ పాఠశాల కట్టడం కూలి ఏడుగురు పిల్లలు పోయారు. "వ్రాయకండి" అని సలహా చెప్పే మిత్రులను ఒకటే అడుగుతాను. అటువంటి దినం మన బడిలో వస్తే, తెలుగును కాపాడడానికే మౌనంగా ఉన్నామని ఆ తల్లికి చెప్పగలరా?

దాచినందువల్ల బడి నిలుస్తుందన్నదీ భ్రమే. తల్లిదండ్రులకు కళ్లున్నవి. గిలాబు పెచ్చులూడే గది నుండి బిడ్డను తీసి ఇంగ్లీషు బడిలో వేస్తారు. సంఖ్య అలా తగ్గుతుంది, మూసివేతకు సాకు అలా దొరుకుతుంది. మరమ్మతుతో పోయే బీటను మూడేళ్లు దాస్తే గది నిజంగానే పడగొట్టవలసినదవుతుంది. అప్పుడు మనకు అనుకూలంగా చూపడానికి ఒక్క కాగితమైనా ఉండదు.

కనుక కాగితం పుట్టించండి. మార్చి చివర, సెలవులకు ముందు, ప్రతి బీట రెండు కొసలను పెన్సిలుతో గుర్తించి తేదీ వేయండి. బీటకు ఇరువైపులా ఇటుకలో ఒక్కొక్క సన్నని మేకు దిగగొట్టి, నడిమి దూరం జామెట్రీ పెట్టెలోని స్కేలుతో కొలవండి. సెలవులలో మే నెలలో ఒకసారి, జూన్‌లో, డిసెంబరులో మళ్లీ కొలవండి. భారతీయ ప్రమాణాల సంస్థ 1984లో వెలువరించిన కరదీపిక 1 మి.మీ. లోపు బీటలను సన్ననివని, 1 నుండి 2 మి.మీ. వరకు మధ్యరకమని, 2 దాటితే వెడల్పైనవని విభజించింది. అయితే వెడల్పు ఎంత అన్నదానికన్న పెరుగుతున్నదా లేదా అన్నదే ముఖ్యం. ఆవలి వైపు కూడా కనబడే బీటను, తలుపులు బిగుసుకుపోయేలా చేసే బీటను ఏడాది పాటు కొలుస్తూ కూర్చోరాదు, వెంటనే ఇంజనీరును పిలిపించవలెను.

మన భాషలో నేలకు నెర్రె, గోడకు బీట. అర్జీ మాత్రం కన్నడంలో వ్రాయండి, అక్కడ "బిరుకు" అంటేనే పని జరుగుతుంది. ఎస్.డి.ఎం.సి. తీర్మానంతో క్షేత్ర శిక్షణాధికారికి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. అందులో రెండు కోరికలు విడివిడిగా ఉండవలెను. మొదటిది, ఏ గది మరమ్మతుకు తగును, ఏ గది తగదు అని పంచాయతీ రాజ్ ఇంజనీరు గదివారీగా వ్రాసి ఇవ్వాలని. రెండవది, మరమ్మతు కాలంలో పిల్లలు ఎక్కడ కూర్చున్నా తెలుగు బోధన అదే ఉపాధ్యాయుడితో కొనసాగాలని. రెండవ కోరికకు రాజ్యాంగం 350ఎ అధికరణం ఆధారం. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రయత్నించాలని అది రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు చెబుతున్నది. గోడ మరమ్మతు వేరు, మాధ్యమం వేరు. ఆ రెంటినీ ముడిపెట్టి ఎవరైనా నోటితో మాట్లాడితే, అదే మాటను వ్రాతపూర్వకంగా ఇవ్వమని వినయంగా అడగండి.