‘టైరు పేలి’ అన్నది కారణం కాదు

‘టైరు పేలి అదుపు తప్పిన కారు’. వేసవి వచ్చిందంటే దినపత్రికల జిల్లా పేజీల్లో ఈ వాక్యం తరచుగా కనిపిస్తుంది. చదివినవారు ‘అయ్యో, ఎంత దురదృష్టం’ అనుకొని పేజీ తిప్పేస్తారు. వైద్యుడిగా నాకు ఈ వాక్యంతో పేచీ ఉంది. మరణ కారణం రాసే పత్రంలో ‘గుండె ఆగి మరణించాడు’ అని రాసి ఊరుకోకూడదని వైద్య విద్యార్థులకు నేర్పుతాం. ఎవరు మరణించినా చివరికి ఆగేది గుండే. అది ఎందుకు ఆగిందో రాయాలి. అందుకే ఆ పత్రంలో తక్షణ కారణానికి ఒక గడి, దానికి దారితీసిన కారణాలకు వేరే గడులు ఉంటాయి. టైరు పేలడం మొదటి గడిలో రాయవలసిన మాట. రెండో గడిలో రాయవలసినవి వేరు: అరిగిన గ్రిప్పు, ముసలిదైన రబ్బరు, చాలని గాలి, ‘ఈ ఒక్క ప్రయాణానికి ఏమీ కాదులే’ అన్న యజమాని మాట.

ఆరోగ్యం గురించి రాసే చోట టైర్ల ప్రస్తావన ఏమిటని మీరు అడగవచ్చు. 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయనీ, వాటిలో 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారనీ కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. ఇవన్నీ టైర్ల వల్ల జరిగినవి కావు. వేగం వాటిలో పెద్ద దోషి. అయితే బ్రేకు మీద కాలు పడ్డ తరువాత జరిగే పని ఎవరిదో ఆలోచించండి. బ్రేకు ఆపేది చక్రాన్ని. కారును ఆపేది టైరు. ఒక్కొక్క టైరు రోడ్డును తాకే చోటు సుమారు మీ అరచేయంత ఉంటుంది. టన్ను బరువున్న వాహనం, అందులో మీ కుటుంబం, అంతా ఆ నాలుగు అరచేతుల మీద నడుస్తున్నది.

కొత్త కారు టైరు గాళ్లు సుమారు 8 మిల్లీమీటర్ల లోతు ఉంటాయి. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం ఆ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఆ హద్దును చూపడానికి గాళ్ల అడుగున చిన్న రబ్బరు దిమ్మెలు పోసి ఉంటాయి. టైరు అంచున ఉండే చిన్న త్రికోణపు గుర్తునో, టి.డబ్ల్యు.ఐ. అన్న అక్షరాలనో పట్టుకొని చూస్తే అవి దొరుకుతాయి. టైరు అరిగి దిమ్మెలతో సమానమైతే దాని పని అయిపోయినట్టే. ఇంతవరకూ చాలామందికి తెలుసు. తెలిసినందువల్ల వచ్చిన చిక్కు ఏమిటంటే, దిమ్మె తగిలేదాకా టైరు బాగున్నట్టే అని నమ్మడం.

ఈ తర్కాన్ని రక్త పరీక్షకు అన్వయించి చూడండి. స్థిరంగా ఉన్న రోగికి హిమోగ్లోబిన్ 7 గ్రాములకు పడిపోతే రక్తం ఎక్కించాలా అన్నది సాధారణంగా ఆలోచిస్తాం. అంతమాత్రాన 7.2 ఉన్న మనిషిని ‘నీకేం, భేషుగ్గా ఉన్నావు, పొలం పనికి వెళ్లు’ అని పంపుతామా? చట్టం గీసిన గీత శిక్షకు సంబంధించినది. దాన్ని భద్రతకు కొలతగా వాడుకోవడం మన సౌకర్యం కోసం మనం చేసుకున్న మోసం.

పొడి రోడ్డు మీద ఈ మోసం బయటపడదు. అరిగిన టైరు పొడి రోడ్డును చక్కగానే పట్టుకుంటుంది, అందుకే యజమానికి ధైర్యం. వాన పడ్డప్పుడు లెక్క మారుతుంది. 18 సెంటీమీటర్ల వెడల్పున్న టైరు 3 మిల్లీమీటర్ల నీరు నిలిచిన రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. దాని దారిలో సెకనుకు దాదాపు 15 లీటర్ల నీరు అడ్డం వస్తుంది. పెద్ద బిందెడు నీళ్లు, ప్రతి సెకనుకూ, ఒక్కో ముందు చక్రానికీ. ఆ నీటిని పక్కలకు నెట్టడానికి ఉన్న కాలువలే ఆ గాళ్లు. వాటి లోతు ఐదో వంతుకు వచ్చాక నీరు పోవడానికి దారి చాలదు. టైరు రోడ్డును వదిలి నీటి మీద తేలుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా కారుకు వినపడదు.

బ్రిటన్‌లో ప్రమాదాల నివారణకు పనిచేసే రోస్పా సంస్థ 3 మిల్లీమీటర్ల దగ్గరే టైరు మార్చమని సలహా ఇస్తుంది. దీనికి ఎదురు వాదన కూడా ఉంది. దాచడం న్యాయం కాదు. టైర్లు తయారుచేసే మిషెలిన్ కంపెనీయే, ముందుగా మార్చడం రబ్బరునూ డబ్బునూ వృథా చేయడమనీ, బాగా తయారైన టైరు 1.6 వరకూ పనిచేయాలనీ బహిరంగంగా వాదించింది. అమ్ముకునేవాడే ‘తొందరపడి కొనకండి’ అంటే వినవలసిందే. కానీ ఆ వాదన బాగా తయారైన, సరిగా గాలి నింపిన, సమంగా అరిగిన టైరు గురించి. మన గుంతలు, మన స్పీడ్ బ్రేకర్లు, అలైన్‌మెంట్ చూపించకుండా రెండేళ్లు నడిపిన కార్లు, లోపలి అంచు మాత్రమే నున్నగా అయిపోయిన టైర్లు ఆ వాదనలో లేవు. కాబట్టి నా మాట ఇది: మృగశిర కార్తె నాటికి మీ టైరులో 3 మిల్లీమీటర్ల లోతు లేకపోతే ఆ వానాకాలాన్ని దానితో దాటించవద్దు. లోతు కొలిచే చిన్న పరికరం హోటల్లో ఇద్దరి టిఫిను ఖరీదుకే దొరుకుతుంది. ఒక్కచోట కాదు, లోపలి అంచునా, మధ్యనా, బయటా కొలవాలి.

అరుగుదల కళ్లకు కనబడుతుంది. వయస్సు కనబడదు, అందుకే దాని గురించి ఎక్కువ చెప్పాలి. ఈ పేజీ చదివేవారిలో నా వయస్సువారు చాలామంది ఉన్నారని తెలుసు. మన కారు కథ ఒకటే. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు. కారు షెడ్డులో ఉంటుంది. కూరగాయలకు, గుడికి, నెలకోసారి డాక్టరు దగ్గరకు. ఏడాదికి 3,000 కిలోమీటర్లు తిరిగితే గొప్ప. ‘టైర్లు కొత్తవాటిలాగే ఉన్నాయండీ, బటన్లు కూడా అరగలేదు’ అంటాం. పిల్లలు వస్తున్నారనగానే అదే కారు అర్ధరాత్రి శంషాబాద్ విమానాశ్రయానికి బయలుదేరుతుంది. తిరుగు ప్రయాణంలో నలుగురు మనుషులు, ఆరు పెట్టెలు, ఔటర్ రింగ్ రోడ్డు మీద నూరు వేగం. ఎనిమిదేళ్లు నీడలో కూర్చున్న టైరుకు అదే మొదటి పరీక్ష.

రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ దాన్ని గట్టిపరుస్తాయి, పక్కగోడల మీద సన్నని పగుళ్లు తెస్తాయి. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయని మనవారే అన్నారు. రబ్బరు సంగతి వేరే చెప్పాలా? టైరు పక్కన ముద్రించిన చివరి నాలుగు అంకెలు చదవండి. 2318 అని ఉంటే అది 2018లో 23వ వారంలో పుట్టింది. ఒక్కోసారి ఆ అంకెలు లోపలి వైపున ఉంటాయి, వంగి వెతకాలి. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటాయి. టైరు కంపెనీలు ఐదేళ్ల నుంచి ఏటా పరీక్ష చేయించమనీ, పదేళ్లు దాటితే ఎలా ఉన్నా తీసేయమనీ చెబుతాయి. మన ఎండలకు నేను ఆరేళ్ల వైపే మొగ్గుతాను. కొత్త టైరు కొనేటప్పుడూ ఈ అంకెలు చూడండి. రెండేళ్లుగా గోదాములో ఉన్న సరుకును తాజాదని అంటగట్టనివ్వకండి. డిక్కీలోని స్టెప్నీకి కూడా వయస్సు ఉంటుంది.

ఇక ప్రభుత్వం సంగతి. సొంత కారుకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ పదిహేనేళ్లూ ఫిట్‌నెస్ పరీక్ష లేదు. పొగకు సర్టిఫికెట్ కావాలి, బీమా ఏటా కట్టాలి, టైరును మాత్రం ఎవరూ వంగి చూడరు. నిబంధన పుస్తకంలో ఉంది, చూసే కన్ను లేదు. బీమా పునరుద్ధరణకు టైర్ల లోతు, తయారీ తేదీ నమోదును షరతుగా పెడితే వచ్చే కష్టం ఏమిటి?

‘నాలుగు టైర్లంటే ఇరవై వేలు’ అంటారు. నిజమే, చిన్న కారుకు ఇంచుమించు అంతే. తొడ ఎముక విరిగిన మనిషి శరీరంలోనే ఒకటి నుంచి ఒకటిన్నర లీటరు రక్తం కోల్పోవచ్చు. ఒంట్లో ఉండేది ఐదు లీటర్లు. ఆపరేషను, రాడ్డు, నెలల తరబడి మంచం, ఆగిపోయిన సంపాదన: ఈ బిల్లు కట్టిన కుటుంబాలను సర్వీసులో చాలా చూశాను. టైర్ల దగ్గర బేరమాడిన వాళ్లెవరూ అక్కడ బేరమాడలేదు. ఒకేసారి నాలుగు కొనలేకపోతే రెండు కొనండి. కొత్తవి వెనుక చక్రాలకు వేయించండి. ముందే వేయాలని షాపువాళ్లు పట్టుబట్టవచ్చు. తడి రోడ్డు మీద వెనుక భాగం జారితే సామాన్య డ్రైవరు కారును నిలుపుకోలేడు.

గాలి నెలకోసారి, టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించండి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు పక్కన అంటించిన స్టిక్కరు చెబుతుంది. టైరు మీద రాసినది గరిష్ఠ పరిమితి మాత్రమే. గాలి తక్కువైన టైరు మడతపడి మడతపడి వేడెక్కుతుంది, వేసవి పేలుళ్లలో చాలావాటికి మూలం అక్కడే. నైట్రోజన్ నింపితే పేలదని చెప్పేవారికి, మామూలు గాలిలోనూ 78 శాతం నైట్రోజనేనని గుర్తుచేయండి.

పాత టైర్లను షాపులో వదిలేటప్పుడు మీ కళ్లముందే పక్కగోడ కోయించండి. లేకపోతే అవి నల్లరంగు పూసుకొని మరొకరి కారెక్కుతాయి. ఇంటికి తెచ్చి మేడ మీద పడేయకండి. టైరు పొట్టలో నిలిచే వాన నీరు డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి ఇష్టపడే చోటు. ఆ గుడ్లు నీరు ఆరిపోయినా నెలల తరబడి బతికి ఉండి, మళ్లీ వాన పడగానే పొదుగుతాయి.