తిరిగి జమ అయిన పాయింట్లు

అంతర్జాలంలో చదరంగం ఆడే పిల్లలున్న ఇళ్ళకు అప్పుడప్పుడు ఒక చిన్న సందేశం వస్తుంటుంది. ఇటీవల మీతో ఆడిన ప్రత్యర్థి నియమాలను ఉల్లంఘించినట్లు తేలినందున, మీరు కోల్పోయిన రేటింగు పాయింట్లను తిరిగి జమచేశామన్నది దాని సారాంశం. పిల్లవాడు సంతోషిస్తాడు. పెద్దలు ఒకసారి చూసి ఊరుకుంటారు. ఈ నెల మేము ఆ సందేశం దగ్గర కాసేపు ఆగదలచుకున్నాము. (చదరంగం ఆడవచ్చునా కూడదా అన్న విషయంలో ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. అది వేరే చర్చ. మన పిల్లలు ఆడుతున్నారన్నది మాత్రం మన కళ్ళెదుటి వాస్తవం.)

ఈ పాయింట్ల లెక్కను రూపొందించినవారు అర్పాద్ ఎలో. హంగేరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్ర ఆచార్యుడాయన. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే 1970లో ఆయన పద్ధతిని స్వీకరించింది. మన వరంగల్ యువకుడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2801కి చేరాడని మనం గర్వంగా చెప్పుకున్నది ఈ లెక్క ప్రకారమే. సూత్రం సులభమైనది. ఒక ఆటకు పణంగా 20 పాయింట్లు ఉన్నాయనుకుందాం. సమాన బలం గల ఇద్దరు ఆడితే గెలిచిన వానికి 10 కలుస్తాయి, ఓడిన వానికి 10 పోతాయి. తనకంటే 400 పాయింట్లు తక్కువ ఉన్నవాని చేతిలో ఓడినవాడు మాత్రం దాదాపు 18 పోగొట్టుకుంటాడు. అంత తేడా ఉన్నప్పుడు నూటికి 91 పాళ్ళు ఫలితం పైవానికే దక్కాలని ఆ లెక్క ఆశిస్తుంది కనుక.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఒకరికి కలిసిన పాయింట్లు మరొకరి నుండి పోయినవే. పక్కన కంప్యూటర్ ఇంజన్ పెట్టుకొని అది చెప్పిన ఎత్తులు వేసేవాడు తన గురించి అబద్ధం చెప్పుకోవటంతో ఆగడు. అతని ఖాతాలో పెరిగిన ప్రతి పాయింటూ ఎవరో నిజాయితీగా ఆలోచించి ఓడిపోయినవారి జేబులోనిది. పరీక్షలో కాపీ కొట్టటం లాంటిదే కదా అని కొందరు తేలికగా అంటారు. మా దృష్టిలో ఇది తక్కెడలో మోసానికి దగ్గర.

మోసం తేలిన తరువాత వెబ్‌సైటువారు ఆ ఖాతాను మూసివేస్తారు, ఇటీవల అతని చేతిలో ఓడినవారికి పాయింట్లు తిరిగి ఇస్తారు. చెస్ డాట్ కామ్, లిచెస్ రెండూ ఈ పని చేస్తున్నాయి. కాని నష్టం మొదటి చేతి దగ్గర ఆగదు. 1600 రేటింగున్న ఒక అబ్బాయి మోసగాని చేతిలో 18 పోగొట్టుకొని 1582కు దిగాడనుకుందాం. మరునాడు అతను 1600 ఉన్న ఒక అమ్మాయిని ఓడించాడు. అతని అసలు రేటింగు చెడకుండా ఉంటే ఆ అమ్మాయికి 10 పాయింట్లు పోయేవి. ఇప్పుడు పదిన్నర పోయాయి. వారం తరువాత అబ్బాయికి 18 తిరిగి వచ్చాయి. అమ్మాయి కోల్పోయిన అర పాయింటు అతని దగ్గరే ఉండిపోయింది. ఆమెకు ఏ సందేశమూ రాదు, ఎందుకంటే ఆమె మోసగానితో ఆడనేలేదు.

అర పాయింటుకు ఇంత చర్చ దేనికని పాఠకులు అడగవచ్చు. ఒక్క ఆటలో అది స్వల్పమే. కాని మోసగాడు పట్టుబడేలోగా వందల ఆటలు ఆడి ఉండవచ్చు, ఓడినవారిలో ప్రతి ఒక్కరూ మరెందరితోనో ఆడి ఉంటారు. న్యాయంగా చేయాలంటే ఆ రోజు నుండి ఆటలన్నింటినీ మళ్ళీ లెక్కకట్టాలి. అలా చేస్తే ఏ మోసగానినీ ఎరుగని పిల్లల అంకెలు కూడా తెల్లవారేసరికి మారిపోతుంటాయి, ఆ పట్టికను ఎవరూ నమ్మరు. అందుకే మొదటి చేతి వరకే సరిచేసి ఆగుతున్నారు. అది తెలివైన పరిమితి అని మేము ఒప్పుకుంటాము. సంపూర్ణ న్యాయమని మాత్రం అనలేము.

ఇప్పుడు చాలా చోట్ల వాడుతున్నది మార్క్ గ్లిక్‌మన్ అనే అమెరికా గణాంకవేత్త రూపొందించిన గ్లికో పద్ధతి. అందులో ప్రతి ఖాతా రేటింగు ఎంత నమ్మదగినదో కూడా లెక్కిస్తారు. కొత్త ఖాతా అంకె ఇంకా స్థిరపడలేదు కనుక దాని చేతిలో ఓడినా మనకు పోయేది తక్కువ. ఆ మేరకు ఇది కొంత రక్షణ.

పోటీల విషయంలో మాత్రం అంకెలు సరిచేస్తే సరిపోదు. 2020లో ప్రో చెస్ లీగ్ ఫైనల్‌లో గెలిచిన ఆర్మేనియా ఈగిల్స్ జట్టును, ఒక ఆటగాడు నియమాలను ఉల్లంఘించాడని తేల్చి, అనర్హులుగా ప్రకటించారు. టైటిల్ సెయింట్ లూయిస్ ఆర్చ్ బిషప్స్‌కు దక్కింది. సెమీఫైనల్‌లో ఆర్మేనియా చేతిలో ఓడినవారికి మాత్రం ఫైనల్ ఆడే అవకాశాన్ని ఎవరు తిరిగి ఇవ్వగలరు? 2021లో కోవిడ్ సహాయ నిధి కోసం విశ్వనాథన్ ఆనంద్ ప్రముఖులతో ఆడినప్పుడు ఒకరు బయటి సహాయంతో ఆయనను ఓడించారు, తరువాత ఒప్పుకున్నారు. ఆ ఆటకు రేటింగే లేదు. సరిచేయటానికి అంకె లేకపోయినా జరిగింది జరిగినట్లే ఉంది.

ఇక కష్టమైన సంగతి. పట్టుబడినవాడు మన ఇంటి పిల్లవాడే కావచ్చు. తోటివారి హక్కు తిరిగి ఇవ్వనిదే పశ్చాత్తాపం పూర్తికాదని మనం ఇళ్ళలో చెబుతుంటాము. ఇక్కడ వెబ్‌సైటువారే ఆ పాయింట్లు తిరిగి ఇచ్చేశారు, ఓడినవారెవరో పిల్లవానికి తెలియదు, క్షమాపణ అడుగుదామంటే చిరునామా లేదు. ‘ఇచ్చేశారు కదా అబ్బా, ఇంకేముంది’ అంటాడు. మరో పేరుతో ఖాతా తెరుస్తానంటాడు. తండ్రి దానికి ఒప్పుకోకూడదు. దాపరికం లేకుండా తప్పు ఒప్పుకున్నవారికి ఆ సంస్థలు మరో అవకాశం ఇచ్చిన సందర్భాలున్నాయి. ఆ ఉత్తరం పిల్లవాడే రాయాలి, అమ్మీ అబ్బా పక్కన కూర్చోవాలి.

ఓడిన ప్రతిసారీ ఎదుటివాడు మోసం చేశాడని పదిమందిలో అనటం మరో తప్పు. అనుమానముంటే ఆటను నివేదించి ఊరుకోవాలి. ఇంజన్ ఎత్తులతో పోల్చి చూసే పరీక్ష అనేక ఆటల మీద జరుగుతుంది, ఒక్క మంచి ఎత్తు మీద కాదు.

మోసగాళ్ళు వరుసగా తగిలి రేటింగు బాగా దిగిన పిల్లలకు పాయింట్లన్నీ ఒక్కసారే తిరిగి రావచ్చు. అప్పుడు వారికి మళ్ళీ బలమైన ప్రత్యర్థులు తగులుతారు. ఆ వారం రెండు మూడు ఓటములు ఎదురైతే మందలించవద్దు.